సీలు కింద తీగముక్క

బజారు నడిబొడ్డున అద్దాల తలుపున్న దుకాణం ఒకటి ఉంది. లోపల అరల మీద కాఫీ మిషన్లు, టోస్టర్లు, మిక్సీలు వరుసగా మెరుస్తుంటాయి. అన్నీ పాతవే. ఎవరి ఇంట్లోనో మూలపడి, ఇక్కడికి చేరి, తళతళలాడేలా తుడిపించుకుని, ఇంకొకరి ఇంటికి వెళ్ళడానికి సిద్ధంగా కూర్చున్నవి. ఒకటి అమ్ముడైతే చాలు, యజమాని దాన్ని కౌంటరు మీద బోర్లిస్తాడు. అడుగు రేకు స్క్రూ మీద గుండ్రటి కాగితం సీలు అంటిస్తాడు. "లోపల అంతా నేను స్వయంగా చూశాను" అని ఆ సీలు మీద అచ్చు వేసి ఉంటుంది. దాని కింద జేబులోని పెన్ను తీసి సంతకం చేస్తాడు. కొనేవాళ్ళు ఆ సంతకం చూసి మురిసిపోతారు. బజారంతా ఆయన్ని సీలాయన అని పిలుస్తుంది.

చదువుతున్న మీరు కూడా ఎక్కడో ఒకచోట అలాంటి సంతకం చూసి మురిసిపోయే ఉంటారు. నేనూ మురిశాను. ఆ కాగితం కింద ఏముందో చెప్తాను, వినండి. విన్నాక మీకు ఒళ్ళు మండకపోతే ఆ తప్పు నా రాతది.

ఆ దుకాణం వెనక గదిలో పదకొండేళ్ళు పనిచేసిన మేస్త్రి ఒకతనున్నాడు. మాట తక్కువ. మిషను ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడినా తలెత్తేవాడు కాదు. అతనికి రెండు అలవాట్లుండేవి. లోపలి వైర్లను అందరిలా ప్లాస్టిక్ పట్టీలతో కట్టేవాడు కాదు. భార్య కుట్టు డబ్బాలోంచి నీలం మైనపు దారం తెచ్చుకుని, ఆమె నేర్పిన ముడితో కట్టేవాడు. ప్లాస్టిక్ వేడికి పెళుసెక్కి విరుగుతుందనేవాడు. ఇక రెండోది, అడుగు రేకు బిగించే ముందు దాని లోపలి వైపు తానేం బాగుచేశాడో, ఏ తేదీన చేశాడో మార్కరుతో రాసేవాడు.

"లోపల రాస్తే ఎవడు చూస్తాడోయ్?" అని సీలాయన నవ్వేవాడు.

"ఎప్పుడో ఇంకో మేస్త్రి విప్పుతాడు కదండీ. అతనికి తెలియాలి" అనేవాడు మేస్త్రి.

అతని భార్య దర్జీ. నోరు కత్తెర కంటే పదునని వీధిలో ఆమెను కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళను కూడా ఆమె ఉతికి ఆరేసింది. అయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

పద్నాలుగు నెలల కిందట ఒక పొద్దున, నాలుగు వీధుల అవతల ఉండే టీచరమ్మ చెయ్యి కాలింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చేతిరాత దిద్దించిన మనిషి ఆవిడ. ఉద్యోగం అయిపోయాక తనకంటూ ముచ్చటపడి కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు సీలాయన దుకాణంలోని ఎస్ప్రెస్సో కాఫీ మిషను. కప్పు నిండిందని కాఫీ పొడి ఉండే హ్యాండిలు తిప్పి తీయబోయింది. లోపల పట్టలేనంత ఆవిరి పేరుకుని ఉంది. హ్యాండిలు ఊడి ఎగిరింది. సలసల కాగే నీళ్ళూ కాఫీ పొడీ కలిసి కుడిచేతి మీద పడ్డాయి. నెలన్నరకు చర్మం మానింది కాని వేళ్ళు మళ్ళీ సరిగా ముడుచుకోలేదు. కలం పట్టుకుంటే జారిపోతుంది.

ఇలాంటి మిషన్లలో నీళ్ళు కాగే గిన్నెకు వేడిని అదుపుచేసే మీట ఒకటుంటుంది. ఆ మీట ఎప్పుడైనా బిగుసుకుపోతే, వేడి హద్దు దాటగానే కరిగి కరెంటు తెంచేయడానికి గింజంత ఫ్యూజు ఉంటుంది. ప్రాణం కాపాడేది ఆ గింజే. టీచరమ్మ మిషనులో ఆ గింజ లేదు. దాని చోట ఎవరో రెండు అంగుళాల తీగముక్క కలిపేశారు.

ఈ సంగతి ఆవిడకు చెప్పింది సీలాయనే. ఆ సాయంత్రమే పళ్ళ బుట్ట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

"మా మేస్త్రి చేసిన పాపమమ్మా ఇది. ఫ్యూజు పీకి తీగ కలిపేశాడు. ఈ రోజే పనిలోంచి తీసేశాను. కేసులంటే మీరే తిరగాలి, ఈ చేత్తో ఎక్కడ తిరుగుతారు? పెళ్ళాం ఉన్నవాడు, పోనీయండి. ఆ దరిద్రపు మిషను నాకిచ్చేయండి, కొత్తది పంపిస్తాను."

"నీ దుకాణం వస్తువు ఇంకొకటి నా గడప తొక్కకూడదు. ఆ మిషను కూడా ఇవ్వను. నా కోపం చల్లారినప్పుడల్లా దాన్ని చూసుకుంటాను" అంది టీచరమ్మ.

అన్నంత పనీ చేసింది. పాత దుప్పటిలో చుట్టి స్టోరు గదిలో పెట్టింది. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళు ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళవే. మేస్త్రిని ఎవరైనా పనికి పిలిచారని తెలిస్తే చాలు, ఫోను చేసేది. "నా చెయ్యి చూసి వెళ్ళి అప్పుడు పిలుచుకో" అనేది. అంతటితో ఆ ఇంటి పని పోయేది. మేస్త్రికి తీగ మేస్త్రి అని పేరు పడింది. ఆరు నెలలు తిరిగేసరికి అతను సిమెంటు గోదాములో బస్తాలు దింపుతున్నాడు. పనిముట్ల పెట్టె మంచం కిందికి వెళ్ళింది.

కత్తెరమ్మ కడుపు రగిలిపోయింది. తన దారి అది కాకపోయినా రోజూ సీలాయన దుకాణం ముందు నుంచే వెళ్ళేది, అద్దాల తలుపు వంక చూసి పళ్ళు నూరేది. "ఎప్పుడో ఒకప్పుడు కోటు కుట్టించుకోవడానికి నా దగ్గరికి రాకపోతాడా, చంకలో సూది వదిలి కుట్టకపోతానా" అని పక్కవాళ్ళతో అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

అయితే ఆమె ఎవరితోనూ అనని మాట ఒకటుంది. సీలాయనను నోరారా తిట్టిన ఆ మనిషి, ఇన్ని నెలల్లో ఒక్కసారైనా భర్తను కూర్చోబెట్టి "ఆ తీగ మీరు పెట్టారా?" అని అడగలేదు. పెట్టానంటాడేమోనని భయం. అడగలేదన్న సంగతి ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. వడ్డించిన అన్నం ఇద్దరూ తలలు వంచుకుని తినేవాళ్ళు.

ఒక శనివారం టీచరమ్మ కోడలు కర్టెన్లు కుట్టించుకోవడానికి కత్తెరమ్మ దగ్గరికి వచ్చింది. ఈ దర్జీ ఎవరి భార్యో ఆ పిల్లకు తెలియదు.

"కాస్త త్వరగా ఇవ్వక్కా. ఇల్లంతా సర్దుతున్నాం. స్టోరు గది కూడా ఖాళీ చేస్తున్నాను. అత్తయ్య చెయ్యి కాల్చిన మిషను ఇప్పటికీ అక్కడే ఉంది. ఎన్నాళ్ళని చూసుకుంటూ ఏడుస్తావత్తయ్యా అని పోట్లాడి ఒప్పించాను. రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను."

కత్తెరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది.

"వాడికెందుకు? నాకియ్యి. నీ కర్టెన్ల అంచులన్నీ ఊరికే కుట్టిపెడతాను."

"దాంతో నువ్వేం చేసుకుంటావక్కా?"

"పగ తీర్చుకుంటాను."

పిల్ల పకపకా నవ్వి, సాయంత్రానికి మిషను తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఆదివారం. మేస్త్రి స్నానం చేసి వచ్చేసరికి వంటగది బల్ల మీద, దుప్పటి విప్పేసి, ఆ మిషను కూర్చుని ఉంది.

"అది ఇక్కడికెలా వచ్చింది?"

"నడిచొచ్చింది. మీరు బాగుచేస్తారని."

"బయట పడెయ్."

"పడెయ్యను."

"నేను ముట్టుకోను."

"సరే, నేనే చూసుకుంటాను. కుట్టుమిషను నడిపేదానికి కాఫీ మిషను ఒక లెక్కా?" అని కత్తెరమ్మ ప్లగ్గు తీసుకుని గోడ వైపు వెళ్ళింది.

"పెట్టకు! చస్తావ్!"

పద్నాలుగు నెలల్లో ఆ ఇంట్లో అతని గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు. కత్తెరమ్మ వెనక్కి తిరిగింది.

"మీరు చూస్తే పెట్టను. చూడకపోతే పెడతాను."

మేస్త్రి వెళ్ళి, వంగి మంచం కింద నుంచి పెట్టె లాగాడు. మూతకు తుప్పు పట్టి ఉంది. దాన్ని చూసి అతనికి సిగ్గేసింది.

ముందు నీళ్ళ తొట్టి ఊడదీశాడు. అడుగున తెల్లటి సున్నం పొర కట్టి ఉంది. "ఈ పొర లోపలి గొట్టాల్లో కూడా ఉంటుంది. పులుపు నీళ్ళు పోసి నానబెట్టాలి" అన్నాడు. హ్యాండిలు బిగించే చోట కింద నుంచి స్క్రూ తీసి జల్లెడ బిళ్ళ బయటికి లాగాడు. పాత కాఫీ పొడి గట్టిపడి చిల్లులన్నీ పూడిపోయాయి. దాని చుట్టూ ఉన్న రబ్బరు చుట్టును సన్నటి స్క్రూడ్రైవరుతో పైకి లేపితే బిస్కట్టులా ముక్కలైంది. ఒక్కొక్కటీ బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెడుతున్నాడు, దాని పేరు చెప్తున్నాడు. గోదాము పనికి బండబారిన వేళ్ళకు పాత నేర్పు తిరిగి వస్తోంది. కత్తెరమ్మ మాట్లాడకుండా చూస్తోంది. మాట్లాడితే ఆగిపోతాడని ఆమె భయం.

"ఇవన్నీ మామూలు జబ్బులు. అసలుది అడుగున ఉంది" అని, వైర్లలో కరెంటు దారి ఉందో తెగిందో చూపే మీటరు తీశాడు.

ప్లగ్గు గోడకు పెట్టకుండానే మిషను స్విచ్చి వేశాడు. ప్లగ్గు రెండు కాళ్ళకూ మీటరు ముళ్ళు ఆనించాడు. మీటరులో అంకె వచ్చింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ అదే అంకె. ముళ్ళు కింద పెట్టేశాడు.

"ఏమైంది?"

"ఆ రోజు అంత వేడి పుట్టింది కదా. లోపల ఫ్యూజు ఉంటే అప్పుడే కరిగి దారి తెగిపోయి ఉండాలి. తెగితే ఏ అంకే రాదు. వచ్చింది. లోపల తీగ ఉన్నమాట నిజమే."

కత్తెరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో అతను చదివేశాడు.

"అడుగు" అన్నాడు. "ఇన్నాళ్ళుగా నీ నోట్లో నానుతున్న మాటే. అడిగెయ్."

"మీరు పెట్టారా?"

"లేదు."

"చాలు. నమ్ముతున్నాను."

"నమ్మొద్దు. విప్పి చూడు" అని స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టాడు. అతని గొంతులో కోపం ఉంది. ఆ కోపం సీలాయన మీద ఒక్కడి మీదే కాదని కత్తెరమ్మకు అర్థమై తల దించుకుంది.

మిషను బోర్లించింది. స్క్రూ మీద గుండ్రటి సీలు. చింపబోయి ఆగింది. వెలుతురుకు పట్టి, అంచు వెంబడి గోటితో తడిమి చూసింది. కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన బట్టను పది అడుగుల దూరం నుంచి పట్టేసే మనిషి ఆమె.

"ఏమండీ, దీన్ని ఒక్కసారి కూడా ఎత్తలేదు. జిగురు అంటించింది అంటించినట్టే ఉంది. సంతకం గీత కాగితం మీద నుంచి రేకు మీదికి పోయింది, ఎక్కడా తెగలేదు."

"అయితే?"

"అయితే ఏంటండీ! మీకు తీగ సంగతి ఇప్పుడు మీటరు పెడితే తెలిసింది. మిషను టీచరమ్మ ఇంట్లో ఉంది. ఎవరూ విప్పలేదు. మరి లోపల తీగ ఉందని ఆ సీలాయనకు ఆ రోజే ఎలా తెలిసింది?"

మేస్త్రి మిషనును తనవైపు తిప్పుకుని సీలు చూశాడు. పద్నాలుగు నెలలు అందరూ తీగ గురించే మాట్లాడారు కాని, ఆ మాట ఎక్కడ పుట్టిందని ఒక్కరూ అడగలేదు. అతను కూడా అడగలేదు.

కత్తెరమ్మ అప్పటికే కొంగు బిగించింది. "పదండి. వాడి అద్దాల తలుపు నా చేతుల్లో ఇవాళ..."

"ఆగు. ముందు టీచరమ్మ దగ్గరికి. చెయ్యి కాలింది ఆవిడది. ఈ సీలు చింపాల్సింది కూడా ఆవిడే."

టీచరమ్మ తలుపు తీసి మేస్త్రిని చూసింది. కుడిచెయ్యి అతని ముఖానికి దగ్గరగా పెట్టింది. ముడతలు పడిన గులాబి రంగు చర్మం, వంకర తిరిగిన వేళ్ళు.

"చూడు. బాగా చూడు. నీ చేతిపని ఎలా కుదిరిందో చూసుకోవడానికే వచ్చావా?"

అతను చూపు తిప్పుకోలేదు. కత్తెరమ్మ ముందుకొచ్చింది.

"టీచరమ్మగారూ, నాలుగు ప్రశ్నలడిగి పోతాను. నాది తప్పయితే తలుపు నా ముఖం మీదే వేయండి. సీలాయన మీకు తీగ సంగతి చెప్పింది ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. ఆసుపత్రిలో."

"అప్పటికి మిషను ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? ఇంట్లో. ఇల్లు తాళం వేసి ఉంది. మావాళ్ళంతా నా దగ్గరే ఉన్నారు."

"ఆ తరవాత దాన్ని ఎవరైనా విప్పారా?"

"నేను ఎవర్నీ ముట్టనివ్వలేదు."

కత్తెరమ్మ దుప్పటి తొలగించి మిషను అడుగు చూపించింది. "అయితే ఈ సీలు చూడండి. మీకు అమ్మిన రోజు వేసింది వేసినట్టే ఉంది. మరి లోపలేముందో ఆయన ఆసుపత్రిలో కూర్చుని ఎలా చెప్పాడండీ?"

టీచరమ్మ కోడలి చేత కళ్ళజోడు తెప్పించుకుంది. వేల సంతకాలు చూసిన కళ్ళతో ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. చూస్తున్నకొద్దీ ముఖం ఎర్రబడింది.

"అమ్మాయ్" అని కోడల్ని పిలిచింది. "నా చెప్పులు తీసుకురా."

"వేసుకోవడానికేనా అత్తయ్యా?" అంది కోడలు భయంగా.

"ముందు వేసుకోవడానికే."

ఆదివారం పొద్దున సీలాయన దుకాణం కిటకిటలాడుతుంది. టీచరమ్మ లోపలికి రావడం చూసి ఆయన కౌంటరు వెనక నుంచి ఎదురొచ్చాడు.

"అమ్మగారూ! మీరు రావడమేంటి, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా." వెనకాల మేస్త్రి కనిపించేసరికి నవ్వు సగంలో ఆగింది. "వీణ్ణి వెంటేసుకొచ్చారేంటమ్మా?"

"మిషను ఇక్కడ పెట్టు" అంది టీచరమ్మ మేస్త్రితో. మేస్త్రి మిషనును కౌంటరు మీద పెట్టాడు. "చెప్పు. దీని లోపల ఏముంది?"

"తెలిసిందేగా అమ్మా. వీడు కలిపిన తీగ."

"నువ్వు చూశావా?"

"చూడకుండా చెప్తానా అమ్మా, ఒకడి మీద నింద వేస్తానా?"

"ఎప్పుడు చూశావు? నీ సీలు ఇంకా విప్పలేదే!"

కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. సీలాయన నీళ్ళు నమిలాడు. "అంటే... వీడే నా దగ్గర ఒప్పుకున్నాడమ్మా."

"ఏ నోటితో ఒప్పుకున్నాడు రా..." అని కత్తెరమ్మ మీదికి వెళ్ళబోతే టీచరమ్మ ఎడంచేత్తో ఆపింది.

"సరే, ఒప్పుకున్నాడనే అనుకుందాం. సీలు మీద ఏముందో పైకి చదువు. చదవవా? నేనే చదువుతాను. 'లోపల అంతా నేను స్వయంగా చూశాను.' కింద నీ సంతకం. తీగ చూసి కూడా నాకు అమ్మావా, చూడకుండానే చూశానని సంతకం పెట్టావా? రెండిట్లో ఏది? ఏది చెప్పినా నా చెయ్యి కాల్చింది నువ్వే."

టీచరమ్మ ఎడంచేతి గోటితో సీలును పర్రున చింపి, మేస్త్రికి సైగ చేసింది.

అతను స్క్రూలు తీసి రేకు ఎత్తాడు. రేకు లోపలి వైపు అతని అక్షరాలు ఇంకా ఉన్నాయి: 'కొత్త ఫ్యూజు వేశాను. వేడి మీట పాతదే, మార్చాలి.' పక్కన తేదీ. లోపల వైర్ల గుత్తికి కట్టిన నీలం దారం మధ్యలో తెగి ఉంది. ముడి మాత్రం అలాగే ఉంది. గింజ ఉండాల్సిన చోట తీగముక్క. దాని రెండు చివరలా తొడుగు కాలి నల్లబడి ఉంది.

"నేను వేసిన ఫ్యూజు ఏదండీ?" అని అడిగాడు మేస్త్రి. అరవలేదు. "వైరు తొడుగును నేను కత్తితో తీస్తాను. లైటరుతో కాల్చి ఊడబీకేది ఈ దుకాణంలో ఒక్కరే. ఆ లైటరు ఇప్పుడు కూడా మీ జేబులోనే ఉంది."

సీలాయన చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. అందరూ చూశారు.

"ఇది అమ్మడానికి ముందు ఒక రోజు నువ్వు పనిలోకి రాలేదు కదోయ్" అని గొణిగాడు. "ఇంకో గిరాకీ నెత్తిన కూర్చున్నాడు. ఫ్యూజులు అయిపోయాయి. ఇందులోది తీసి అతని మిషన్లో వేశాను. ఒక్క వారంలో తెప్పించి మార్చేద్దామనుకున్నాను. ఈలోగా ఇది అమ్ముడుపోయింది..."

"అమ్ముడుపోయిందా!" కత్తెరమ్మ గొంతు బజారులోకి వినిపించింది. "దానికి కాళ్ళొచ్చి అమ్ముడుపోయిందా? ఆవిడ చెయ్యి కాలుతుంటే తెలియదూ నీకు? నా మొగుడు బస్తాలు మోస్తుంటే అద్దాల్లోంచి చూడలేదూ నువ్వు?" తరవాత కొనేవాళ్ళ వైపు తిరిగింది. "అయ్యా, అమ్మా, చూస్తూ నిలబడ్డారేం? మీరు కొంటున్నవాటి సీళ్ళు కూడా విప్పించుకోండి. మా ఆయన ఇక్కడ పని మానేసి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు తీగలుంటే ఆయన మీదకు నెట్టడానికి వీల్లేదు."

విప్పారు. పన్నెండు మిషన్లు. అన్నిటినీ మేస్త్రే విప్పాడు. ఐదింటిలో గింజ చోట తీగ ఉంది. ఐదు తీగలకూ చివరలు నల్లగా కాలి ఉన్నాయి.

మధ్యలో సీలాయన అతని చెవి దగ్గర వంగి, "మళ్ళీ వచ్చెయ్యవోయ్, నిన్ను పెద్ద మేస్త్రిని చేస్తాను, ఇక్కడితో ఆపు" అన్నాడు. మేస్త్రి తలెత్తలేదు. "ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇటు అందుకోండి" అన్నాడు. సీలాయన అందించాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

ఆ వారంలోనే అధికారులు వచ్చి తీగముక్కలూ సీళ్ళూ సాక్ష్యంగా పట్టుకెళ్ళి దుకాణానికి తాళం వేశారు, కేసు నడుస్తోంది. అంతకుముందు కొనుక్కుపోయినవాళ్ళంతా మిషన్లు చంకనేసుకుని వచ్చి మూసిన తలుపు ముందు నిలబడి తిట్టారు. కత్తెరమ్మ ఆ వారమంతా పూటకొకసారి ఆ దారినే వెళ్ళింది, తాళం చూసి తనివితీరా నవ్వుకుంది. మంచివాళ్ళు అలా నవ్వకూడదని మీరంటారేమో. నాకైతే ఆమెతో కలిసి నవ్వాలనిపించింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అవలేదు.

పది రోజులకు మేస్త్రి టీచరమ్మకు కబురు పంపాడు. మిషను సిద్ధమైందని, అడుగు రేకు బిగించకుండా ఉంచానని, లోపలంతా కళ్ళారా చూసుకుని తీసుకువెళ్ళమని. ఆవిడ వచ్చి వంటగది బల్ల దగ్గర కూర్చుంది. అతను ఒక్కొక్కటీ చూపించాడు. కొత్త రబ్బరు చుట్టు, కొత్త వేడి మీట, గింజంత ఫ్యూజు, కొత్త నీలం దారం.

టీచరమ్మ అంతా చూసి అడిగింది. "ఆయన మీద పగ తీరింది. మరి నా మీద నీకున్న పగ సంగతేంటి?"

మర్యాదకైనా "అబ్బే, లేదండీ" అంటాడని కత్తెరమ్మ అనుకుంది.

"ఉందండీ" అన్నాడు మేస్త్రి. "మీ చెయ్యి కాలింది, కోపం రావాల్సిందే. కాని వాళ్ళకూ వీళ్ళకూ అన్ని ఫోన్లు చేశారు. నాకొక్క ఫోను చేసి, నువ్వు చేశావా అని అడగలేదు."

ఆ మాట ఇద్దరికీ తగిలింది. కత్తెరమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

టీచరమ్మ బల్ల మీదున్న మార్కరు కుడిచేత్తో తీసుకుంది. జారిపోయింది. మళ్ళీ తీసుకుంది, ఎడంచేత్తో పట్టి కుడివేళ్ళ మధ్య ఇరికించుకుంది. రేకు లోపలి వైపు, 'ఫ్యూజు కొత్తది, తీగ లేదు' అని మేస్త్రి రాసిన చోటికి కిందగా రాయడం మొదలుపెట్టింది. పద్నాలుగు నెలల తరవాత ఆ చెయ్యి రాసిన మొదటి అక్షరాలు అవి. ఒకప్పుడు ముత్యాల్లాంటి రాత ఆవిడది. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లల రాతలా ఉంది. 'ఇతన్ని అడగకుండా శిక్ష వేశాను.'

"ఆయన నా చెయ్యి కాల్చాడు, నేను నీ బతుకు కాల్చాను" అంది. "కౌంటరు ముందు నిలబడి సంతకం పెట్టేవాడు చెప్తే నాకు నిజంలా వినిపించింది. వెనక గదిలో పనిచేసేవాణ్ణి పిలిచి అడగాలని కూడా తోచలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు నేర్పిన మనిషిని నేను, నాకే తోచలేదు. ఇంకో మేస్త్రి ఎప్పుడైనా విప్పితే చదువుకోనీ."

కత్తెరమ్మ వచ్చి ఆవిడ చేతిలోంచి మార్కరు తీసుకుంది. కళ్ళు తుడుచుకోకుండానే ఆ వాక్యం కింద ఒక్క మాట రాసింది. 'నేను కూడా.'

మేస్త్రి చదివాడు. రేకు బిగించి, నాలుగు స్క్రూలూ తిప్పి, మిషనును నిలబెట్టాడు. ఏ స్క్రూ మీదా సీలు వేయలేదు. ప్లగ్గు పెట్టాడు. పంపు గుర్రుమంది కాని నీళ్ళు రాలేదు.

"గొట్టంలో గాలి చిక్కుకుంది" అంది కత్తెరమ్మ, పది రోజులుగా పక్కన కూర్చుని చూసింది కనుక ఇంటిపని చెప్పినంత తేలిగ్గా. ఆవిరి మీట తిప్పింది. గాలి బుసబుసా పోయి నీళ్ళు దిగాయి. మేస్త్రి ఆమె వంక చూశాడు. నవ్వు కాదు కాని, ముఖం కొంచెం విప్పారింది.

కాఫీ కప్పులోకి సన్నటి ధారగా దిగింది. హ్యాండిలు తిప్పే వేళకు టీచరమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మేస్త్రి తన చేతిని హ్యాండిలు మీద వేసి, మెల్లగా తిప్పి, తీసి, కప్పు ఆవిడ ఎడంచేతికి అందించాడు.

చదివినవారికి నా మనవి ఒక్కటే: కోపం వస్తే రానివ్వండి, పగ పట్టాలనిపిస్తే పట్టండి కూడా, కాని కింద పనిచేసేవాడి వైపు వేలు చూపించే ముందు పైన సంతకం పెట్టినవాడి సీలు విప్పి చూడండి.